మా పాత బండి

బండి నాది. తోలేది మా ఆయన.

ఈ మాట అంటే మా ఊళ్లో ఇప్పటికీ కొందరు నవ్వుతారు. "తోలడం రాదు గానీ, బండి మాత్రం తనదట" అంటారు. నవ్వనీయండి. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని డబ్బు కట్టింది నేను. సి బుక్కులో ఉన్నది నా పేరు. ఏ సామాను ఎప్పుడు మార్చామో, ఎంత అయిందో నా నోటు పుస్తకంలో రాసి ఉంది.

బండి కొన్నది 2016లో. హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. 2010లో తయారైన బండి. మా ఇంటికి వచ్చేసరికే దానికి ఆరేళ్లు. 22 వేలకు బేరం కుదిరింది.

మాది కూరగాయల వ్యాపారం. తెల్లవారుజామునే మార్కెట్టుకు వెళ్లి సరుకు తెచ్చుకోవాలి. అంతకుముందు ఆటోలో తెచ్చేవాళ్లం. ఆటోకు పోగా చేతిలో మిగిలేది చూస్తే ఏడుపు వచ్చేది. అందుకే బండి కొన్నాం.

ముందు కాగితం

బండి అమ్మిన బ్రోకరు మంచి మాటకారి. "పేరు మార్పు తర్వాత తీరిగ్గా చేయించుకోవచ్చమ్మా. ముందు బండి తీసుకెళ్లండి" అన్నాడు. మా ఆయన తాళం చేతిలోకి తీసుకున్నాడు కూడా. నేను సి బుక్కు చూపించమన్నాను.

అప్పటికి నాకు చదవడం వచ్చి ఎంతో కాలం కాలేదు. పైగా సి బుక్కు ఇంగ్లీషులో ఉంది. పక్కింటి అమ్మాయిని పిలిచి పేరు చదివించాను. అది బ్రోకరు పేరు కాదు. బ్రోకరుకు అమ్మినాయన పేరూ కాదు. అంతకుముందు వాడిన మనిషిది! బండి రెండు చేతులు మారింది, పేరు మాత్రం మారలేదు. కింద ఒక ఫైనాన్సు కంపెనీ పేరు కూడా ఉంది. అంటే మొదటాయన బండిని అప్పు మీద కొన్నాడన్న మాట. ఆ అప్పు తీరిందో లేదో మాకేం తెలుసు?

అంకెలు మాత్రం నేనే చదివాను. హ్యాండిలు కింద, మెడ దగ్గర ఇనుము మీద ఛాసిస్ నంబరు కొట్టి ఉంటుంది. అక్షరాలు, అంకెలు కలిపి 17. కిరసనాయిలు గుడ్డతో దుమ్ము తుడిచి, ఒక్కొక్కటే సి బుక్కుతో సరిచూశాను. ఇంజను మీద ఇంకో నంబరు ఉంటుంది. అదీ చూశాను. రెండూ సరిపోయాయి.

"అప్పు తీరినట్టు కాగితం, పేరున్న ఆయన సంతకాలు తెచ్చాకే డబ్బు ఇస్తాం" అని చెప్పి వచ్చేశాం. మా ఆయన దారి పొడుగునా నా మీద విసుక్కున్నాడు. పన్నెండు రోజులకు బ్రోకరే కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

ఆ కాగితాలు ఏవో మీరూ రాసి పెట్టుకోండి. బండి అమ్మినట్టు తెలిపేది 29వ నంబరు ఫారం. పేరు మార్చమని అడిగేది 30వ నంబరు ఫారం. అప్పు తీరినట్టు ఫైనాన్సు వాళ్లు సంతకం పెట్టేది 35వ నంబరు ఫారం. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో తెలపాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మన పేరుకు మార్చమని అడగాలి. బండి ఎవరి పేరున రిజిస్టరయి ఉంటే చట్టం లెక్కలో యజమాని వాళ్లే. అమ్మేశామని నోటితో చెబితే చాలదు. 2018లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. యాక్సిడెంటు జరిగితే నష్టపరిహారం కోసం ఆ పేరు పట్టుకునే వస్తారు.

చీర కొంగు

బండి వచ్చిన రెండో వారం. నేను వెనక ఒక పక్కకు కూర్చున్నాను. మనం అందరం కూర్చున్నట్టే, కాళ్లు ఎడమ పక్కకు పెట్టుకుని. ఒళ్లో తక్కెడ ఉంది. కాలవ కట్ట మీద వెళ్తున్నాం. గాలి బాగా వీస్తోంది.

ఎవరో కొంగు పట్టుకుని లాగినట్టయింది. మెడ దగ్గర బిగుసుకుంది. అరిచాను. మా ఆయన బ్రేకు వేశాడు. అప్పటికే నేను కింద ఉన్నాను. కొంగు చక్రం ఊచల్లో చుట్టుకుపోయి ఉంది. కట్ట మీద గుంతలు కాబట్టి మెల్లగా పోతున్నాం. అదే తారు రోడ్డయితే ఏమయ్యేదో! మోచేయి చీరుకుపోయింది. చీర రెండు ముక్కలయింది. దారిన పోయే ఒకామె తన దగ్గరున్న తువ్వాలు ఇచ్చింది, కప్పుకోవడానికి.

మెకానిక్ దగ్గరకు వెళ్తే చూడగానే చెప్పాడు. "అక్కా, ఈ బండికి శారీ గార్డు లేదు. ముందు వాడిన కుర్రాడెవరో పీకేశాడు. వెనక పట్టుకునే కడ్డీ కూడా లేదు."

మేము చూడనే లేదు. ఛాసిస్ నంబరు సరిచూశాను గానీ, నేను కూర్చునే చోటు చూసుకోలేదు.

శారీ గార్డు అంటే వెనక చక్రం పక్కన ఉండే ఇనప జాలీ. కింద కాళ్లు పెట్టుకునే పలక కూడా దానికే ఉంటుంది. అది సోకు కోసం పెట్టేది కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ఉంది. వెనక కూర్చునే మనిషికి చేతితో పట్టుకునే కడ్డీ ఉండాలి. కాళ్లు పెట్టుకునే చోటు ఉండాలి. బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా మూసే అడ్డు ఉండాలి. ఈ మూడూ అందులో రాసి ఉన్నాయి.

ఆ రోజే గార్డు, కడ్డీ వేయించాను. మెకానిక్ చైను కవరు కూడా చూశాడు. మా బండికి చైను ఎడమ పక్కనే ఉంటుంది. అంటే మన చీర కుచ్చిళ్లు వేలాడే పక్కనే. కవరుకు రెండు బోల్టులు లేవు. అవీ బిగించాడు. అప్పటి నుంచి నేను కొంగు నడుముకు దోపి, కూర్చున్నాక ఒకసారి కిందికి చూసుకుంటాను. చున్నీ వేసుకునే పిల్లలకు కూడా ఇదే చెబుతుంటాను.

ఉన్న డబ్బు దేనికి పెట్టాలి?

బండి కొన్నాక చేతిలో ఐదు వేలు మిగిలాయి. మా ఆయనకు రంగు వేయించాలని ఉంది. సీటుకు ఎర్ర కవరు, ట్యాంకు మీద స్టిక్కర్లు. మగవాళ్లకు బండి మీద ఉండే మోజు మీకు తెలియనిది కాదు.

మెకానిక్ వినలేదు. వెనక చక్రం దగ్గర కూర్చోబెట్టి నాకు చూపించాడు. బ్రేకు డ్రమ్ము పక్కన చిన్న బాణం గుర్తు ఉంది. ఎదురుగా ఒక గీత ఉంది. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు బాణం ఆ గీతకు చేరితే లోపల బ్రేకు షూలు అరిగిపోయినట్టు. మా బండికి బాణం గీత దాటిపోయింది.

తర్వాత టైరు. గాళ్లు ఇంకా లోతుగానే ఉన్నాయి. నేను బాగుందనుకున్నాను. పక్క గోడ మీద అంకెలు చదవమన్నాడు. చివర నాలుగు అంకెలు 1210. "మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం" అన్నాడు. అంటే 2010లో 12వ వారం. బండితో పాటు పుట్టిన టైరు! వంచి చూస్తే రబ్బరు ఎండి, సన్నగా పగుళ్లు ఇచ్చి ఉంది.

చైను కూడా వదులుగా వేలాడుతోంది. చైను మారిస్తే ముందు, వెనక పళ్ల చక్రాలు కూడా కలిపే మార్చాలట. అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే అదీ తొందరగానే పాడవుతుంది.

ఐదు వేలు అక్కడే అయిపోయాయి. రంగు వేయలేదు. మా ఆయన వారం రోజులు సరిగా మాట్లాడలేదు. ఎనిమిదో రోజు చెరువు దగ్గర గేదె అడ్డం వచ్చింది. బండి ఆగింది. ఇంటికి వచ్చి ఆ సంగతి తనే చెప్పాడు.

బరువు

మా బండి పుస్తకంలో 130 కిలోల దాకా బరువు వేయవచ్చని ఉంది. ఆ 130 కిలోల్లో మనుషులూ లెక్కే. మా ఆయన 62 కిలోలు, నేను 54. కలిపితే 116. మిగిలింది 14 కిలోలు. వంకాయల బస్తా కూడా పట్టదు!

నేను లెక్క వేసి చెబితే మా ఆయన నమ్మలేదు. ఊళ్లో అందరూ ముగ్గురేసి ఎక్కి, మీద బస్తా కూడా వేస్తారు, నిజమే. వాళ్ల బళ్ల చక్రాల ఊచలు ఎన్నిసార్లు విరిగాయో, టైర్లు ఎన్నాళ్లకు పోతున్నాయో కూడా చూడాలి. మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. సరుకు తెచ్చేటప్పుడు ఆయన ఒక్కడే వెళ్తాడు. 60 కిలోలకు మించి వేయడు. నేను ఉదయం బస్సుకు దుకాణం దగ్గరకు చేరతాను. సాయంత్రం ఖాళీ గంపలతో ఇద్దరం బండి మీద వస్తాం.

గంపల కోసం వెల్డింగు షాపతను పెద్ద ఇనప చట్రం చేసి, బండి ఛాసిస్‌కే అతికిస్తానన్నాడు. మెకానిక్ వద్దన్నాడు. అతుకు వేసిన చోట ఛాసిస్ ఇనుము బలం తగ్గుతుంది, రేపు అక్కడే పగులు ఇస్తుంది అన్నాడు. ఉన్న బోల్టులకే బిగించే చిన్న క్యారేజీ వేశాడు. కావాలంటే విప్పేయవచ్చు. వెనక బుట్టకు ఎర్రగా మెరిసే టేపు నేనే అంటించాను. తెల్లవారుజామున లారీ వాడికి కనపడాలి కదా.

గాలి కూడా అంతే. వెనక మనిషో బరువో ఉంటే వెనక టైరుకు ఎక్కువ గాలి కావాలి. ఎంత అన్నది బండి పుస్తకంలో ఉంటుంది. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి.

మా వాడి సైలెన్సరు

మా అబ్బాయికి పదిహేడేళ్లప్పుడు తాళం అడిగాడు. ఇవ్వనన్నాను. గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి, లైసెన్సు ఉండాలి. మైనరు పిల్లవాడు తోలి ఏదైనా చేస్తే శిక్ష తల్లిదండ్రులకు, బండి యజమానికి. 2019లో చట్టం మార్చారు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దు. మా ఇంట్లో తల్లీ నేనే, యజమానీ నేనే. "ఒక్కసారి, చెరువు దాకా" అని బతిమాలాడు. ఏడాది ఆగమన్నాను. అన్నం తినకుండా పడుకున్నాడు.

2023లో లైసెన్సు వచ్చింది. ఒక ఆదివారం బండి తీసుకుని పట్నం వెళ్లాడు. సాయంత్రం వీధి చివర నుంచే పెద్ద శబ్దం. మా అత్త ఉలిక్కిపడి లేచి కూర్చుంది. చూస్తే మా బండే! కొత్త సైలెన్సరు. అద్దాలు లేవు. శారీ గార్డు కూడా లేదు. దాన్ని ఒక సంచిలో వేసి తెచ్చాడు.

"గార్డు తీస్తే బండి ఎంత సన్నగా, స్టైలుగా ఉందో చూడమ్మా" అన్నాడు.

"మరి నేను ఎక్కడ కూర్చోవాలి?" అన్నాను.

వాడు మాట్లాడలేదు. కాలవ కట్ట మీద పడ్డ రోజు వాడు చిన్నవాడు. నా మోచేతి మీద మచ్చ చూపించాను. ఆ రాత్రే లాంతరు పెట్టుకుని గార్డు తనే బిగించాడు.

సైలెన్సరు సంగతి మెకానిక్ చెప్పాడు. "కార్బురేటరులో పెట్రోలు, గాలి కొలతలు కంపెనీ సైలెన్సరుకు తగ్గట్టు పెట్టినవి. సైలెన్సరు మారిస్తే ఆ లెక్క తప్పుతుంది. టపటప పేలుతుంది. శబ్దం పెరిగింది గానీ బలం పెరగలేదు తమ్ముడూ."

చట్టం కూడా ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. కంపెనీ తయారు చేసిన తీరుకు, సి బుక్కులో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షను మీదే తీర్పు ఇచ్చింది. అదే ఏడాది తెచ్చిన సవరణ ప్రకారం, అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు. శబ్దం హద్దు మీరితే మొదటిసారికే 10,000 దాకా జరిమానా.

సైలెన్సరు కొన్న షాపువాడు వెనక్కి తీసుకోలేదు. వాడి డబ్బు 1,800 పోయింది. పాత సైలెన్సరు మళ్లీ వేశారు. వాడి ముఖం చూస్తే నాకే జాలేసింది. "సరే, బండికి పనికొచ్చేది ఒకటి నువ్వే చెప్పు. డబ్బు నేనిస్తా" అన్నాను.

రెండు రోజులు ఆలోచించి "లైటు" అన్నాడు. మంచి మాటే. మా లైటు మిణుకు మిణుకుమనేది. మా బండి లాంటి పాత బళ్లలో ముందు లైటుకు కరెంటు ఇంజను తిరుగుతుంటేనే వస్తుంది. బండి నెమ్మదిస్తే లైటూ తగ్గుతుంది. వాడు పెద్ద బల్బు వేద్దామన్నాడు. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే హోల్డరు, వైర్లు కాలతాయి, ఎదురొచ్చేవాళ్ల కళ్లు మూసుకుపోతాయి అన్నాడు మెకానిక్. లోపల వెలుగును తిప్పే గిన్నె నల్లబడి ఉంది. ముందు గాజు పసుపుబారింది. రెండూ కొత్తవి వేసి, పాత కొలత బల్బే పెట్టి, వెలుగు రోడ్డు మీద పడేటట్టు కిందికి వంచాడు. రాత్రి చూసి మా అత్త కూడా "ఇప్పుడు దారి కనపడుతోంది" అంది. రంగు కూడా వేయించాం, ఏడేళ్లకు. సి బుక్కులో నలుపు అని ఉంది. నలుపే వేయించాం.

నోటు పుస్తకం

ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి కిలోమీటర్ల అంకె రాస్తాను. మళ్లీ నింపినప్పుడు రాస్తాను. ఒకసారి 420 కిలోమీటర్లకు 7 లీటర్లు పట్టింది. 420ని 7తో భాగిస్తే 60. బాగుంది. ఇంకోసారి 322 కిలోమీటర్లకే 7 లీటర్లు. అంటే 46. మా ఆయన పెట్రోలు బంకు వాడిని తిట్టాడు. బంకు మార్చినా అంతే. చివరికి చూస్తే వెనక బ్రేకు మరీ బిగుసుకుని ఉంది. చక్రం తిరక్కుండా పట్టేస్తోంది. డ్రమ్ము చేయి పెట్టలేనంత వేడి. నట్టు కాస్త వదులు చేస్తే సరిపోయింది. పాపం, బంకు వాడు!

2021లో పొగ గొట్టంలో నీలం పొగ రావడం మొదలైంది. ఇంజనాయిలు నెలకు నెల తగ్గిపోయేది. అంటే ఆయిలు లోపల కాలిపోతోంది. బోరు పనికి వచ్చిందన్నారు. ఒక షాపులో "ఇంకో బండి ఇంజను ఉంది, చవకగా పెట్టేస్తా" అన్నారు. ఆ ఇంజను ఎవరిదో, ఎక్కడిదో? దాని మీద నంబరు మా సి బుక్కులో ఉండదు. వద్దన్నాను. మా ఇంజనుకే బోరు, పిస్టను, రింగులు మార్పించాం. ఐదు వేలు దాటింది. మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా తోలించి, ఆయిలు మళ్లీ మార్పించాను.

2025లో బండికి పదిహేనేళ్లు నిండాయి. అంతటితో రిజిస్ట్రేషను గడువు అయిపోతుంది. గడువుకు ముందు 60 రోజుల్లో 25వ నంబరు ఫారం పెట్టుకుని, బండిని చూపిస్తే ఐదేళ్లు పొడిగిస్తారు. నేనే వెంట వెళ్లాను. ఇద్దరికీ హెల్మెట్లు. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నంబరు చూశాడు. ఇంజను నంబరు చూశాడు. లైటు, హారను, బ్రేకు చూశాడు. "బండి ఎవరిది?" అని మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన నా వైపు చెయ్యి చూపించాడు.

చేసి చూడండి

1. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఉన్న బండి దగ్గరకు వెళ్లండి. టైరు మీద చివరి నాలుగు అంకెలు చదవండి. 3221 అని ఉంటే ఆ టైరు ఏ సంవత్సరంలో, ఎన్నో వారంలో తయారైంది?

2. ఆ బండి సి బుక్కులో ఎవరి పేరు ఉంది? రిజిస్ట్రేషను ఏ సంవత్సరం దాకా ఉంది?

3. ఒక బండి 275 కిలోమీటర్లు నడిచింది. 5 లీటర్లు పట్టింది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?

4. ఆ బండికి శారీ గార్డు ఉందా? పట్టుకునే కడ్డీ ఉందా? లేకపోతే ఎవరు తీశారు? అడగండి.